ఫ్యాషన్ అనేస్తే ఎలా?
వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికన్లు బందీలైన, గల్లంతైన సైనికుల పేర్లు చెక్కిన కడియాలు వేసుకోవడం ‘ఆనాటి ఒక ఫ్యాషన్ మాత్రమే’ అని మీ వ్యాసంలో రాశారు. కొంతవరకు నిజమే కావచ్చు. 1970లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విద్యార్థి సంఘం రెండున్నర డాలర్లకు అమ్మడం మొదలుపెట్టిన వస్తువు దాదాపు 50 లక్షల చేతులకు చేరిందంటే, పక్కవాళ్లను చూసి కొనుక్కున్నవాళ్లూ ఉంటారు. కానీ ఫ్యాషనైతే రెండేళ్లకే డ్రాయర్‌లోకి పోతుంది కదా! డల్లాస్‌లో మా ఆఫీసులో ఒక పెద్దావిడ రిటైరయ్యేదాకా ఆ కడియం తీయలేదు. సన్నటి లోహపు పట్టీ, దాని మీద పేరు, హోదా, కనిపించకుండా పోయిన తేదీ. అక్షరాలు అరిగిపోయి వేలితో తడిమితేగానీ తెలిసేవి కావు. ఒకసారి ఇస్తారా చూస్తానంటే చేయి చాపారు తప్ప తీసివ్వలేదు. ఆ పేరుగల సైనికుడు ఆవిడకు చుట్టం కాదు, ముఖమైనా చూడలేదట. 1973లో 591 మంది బందీలు విడుదలై వచ్చాక చాలామంది తమ కడియాలను ఆ సైనికులకే పోస్టులో పంపేశారు. ఈవిడ కడియం మీదున్న మనిషి మాత్రం రాలేదు. మన సంగతీ చూడండి. 1971 యుద్ధంలో గల్లంతై పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావించిన 54 మంది మన సైనికుల గురించి కుటుంబాలు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నాయి, పాకిస్తాన్ తమ దగ్గర లేరనే అంటోంది. వాళ్ల పేర్లున్న ఇలాంటి వస్తువు నేనైతే ఎవరి చేతికీ చూడలేదు. వీలైతే వాళ్ల మీద కూడా ఒక వ్యాసం వేయండి.