పక్క బెంచీ మీద ఎంత ఏసిండు?

మా బామ్మర్ది జిమ్ముకు పోతా అన్ననాడు ఇంటిల్లిపాది సంబరపడ్డం, ఎందుకంటే తొమ్మిదైతే గానీ దుప్పటి తియ్యని పిలగాడు ఆరింటికే లేస్తనంటుండు. నల్లగొండల క్లాక్ టవర్ దాటినంక ఒక పాత బిల్డింగు పైఅంతస్తుల ఉంటది ఆ జిమ్ము, కింద టైర్ల దుకాణం, పైకెక్కితే ముందు చెమట వాసన తర్వాత హనుమంతుని ఫోటో కాడ అగర్‌బత్తి వాసన. మా ఆవిడ "వాడొక్కడే పోతే వారం దాటడు, మీరు గూడ పోండి" అని నన్ను జత కట్టింది. నేను ఆ కదలని సైకిలు మీద కూసొని తొక్కుకుంట వచ్చేటోళ్లను పోయేటోళ్లను చూస్తుంట, నా సంగతి వదిలేయుర్రి.

మనోని కన్ను ఎప్పుడూ పక్క బెంచీ మీదనే. ఆ రోజు అక్కడ ఎర్ర బనీను ఏసుకున్న పిలగాడొకడు రాడ్డుకు అటొకటి ఇటొకటి ఇంతింత లావు నల్ల రబ్బర్ ప్లేట్లు తొడిగి టకటక లేపుతుండు. సంగతేందంటే ఆ రబ్బర్ ప్లేట్లు 10 కిలోలదైనా 20 కిలోలదైనా ఎత్తు ఒక్కటే ఉంటది, 45 సెంటీమీటర్లు, తేడా అంతా మందంలనే. వాడేసింది పదులు. మనోడు ఎత్తు చూసిండు గానీ మందం చూడలే, ఇనుప ప్లేట్ల కుప్పలకెళ్లి అదే సైజువి ఏరి ఇరవైలు తొడిగిండు. ఉట్టి రాడ్డే 20 కిలోలు. అంటే వాడు 40, వీడు 60.

"ఏందిరా, నిన్ననే కదా ఉట్టి రాడ్డు పట్టుకొని వణికినవ్" అన్న. "బావా, ఊర్ల యూరియా బస్తా 45 కిలోలు, భుజమ్మీద ఏసుకొని చేనుదాక పోయినోన్ని, గిదొక లెక్కనా" అన్నడు. బస్తా మోసేది నడుము, కాళ్లు. బెంచీ మీద ఎల్లకిల పండుకొని పైకి తోసేది రొమ్ము, భుజం ముందటి భాగం, జబ్బ వెనక కండ, అది వేరే డిపార్ట్‌మెంటు, ఆ డిపార్ట్‌మెంటుల మనోడు ఇంకా అప్లికేషనే పెట్టలే. మళ్ల ఉదాహరణ గూడ చెప్తడు, కరణం మల్లేశ్వరి 2000ల సిడ్నీ ఒలింపిక్స్‌ల 130 కిలోలు నెత్తి మీదికి లేపింది, నేను పండుకొని 60 లేపనా అని. ఆమె ఒక్క గుంజుకు నెత్తి మీదికి లేపే స్నాచ్‌ల 110, ముందు భుజాల దాక తర్వాత నెత్తి మీదికి లేపే క్లీన్ అండ్ జర్క్‌ల 130, మొత్తం 240 ఎత్తి కాంస్యం తెచ్చింది, ఏండ్లకేండ్లు ప్రాక్టీసు చేసినంక. మనోడు ఇప్పటిదాక తెచ్చింది నెల ఫీజు రసీదు.

ఇగ అక్కడ మొదలైంది. వీని 60 చూసి ఎర్ర బనీనోడు ఫోను చూసుకుంటున్నట్టు నటించి ఇంకో జత పదులు తొడిగిండు. అది చూసి మనోడు మెడ తిప్పుకుంటున్నట్టు నటించి అటు 5 ఇటు 5 తొడిగిండు. ఒకని పేరు ఒకనికి తెల్వదు, ఒక్క మాట లేదు, ఇద్దరికీ ఎదుటోడు పెద్ద మొనగాడని నమ్మకం. ట్రైనరేమో చాయ్ తాగనీకి కిందికి దిగిండు. ఇద్దరు ఒక్కసారే పండుకున్నరు. రాడ్లు కిందికైతే మంచిగనే వచ్చినయి.

పైకి పోలె.

రెండు తలకాయలు మెల్లగ ఒకదాని దిక్కు ఒకటి తిరిగినయి. "అన్నా, జర పట్టవా" అన్నడు మనోడు. "నువ్వే పట్టన్నా, నీకు అలవాటే గద" అన్నడు ఆడు, మూలుక్కుంట.

మూలకు గుంజీలు తీస్తున్న కండక్టర్ సారు ఒక్కడే దిక్కు, ఆర్టీసీల రిటైరైన మనిషి. భుజాల మీద రాడ్డుతోని నడిమిట్ల ఉన్నడు పాపం, "వస్తున్న బిడ్డా, లేవనియ్యి" అంటుండు. నేను సైకిలు దిగి ఉరికేలోపల మనోడు తెలివి చూపిచ్చిండు, రాడ్డును ఎడమ దిక్కుకు వంచిండు. ప్లేట్లు జారకుండ కొసలకు పెట్టే క్లిప్పులు పెట్టలే గద, ఎడమ ప్లేట్లు జర్రున జారి దబేల్మని పడ్డయి, ఆ పక్క బరువు పోంగనే కుడి పక్క ధన్మని కిందికి పోయింది, రాడ్డు గాలిల తిరిగి అద్దానికి బెత్తెడు దూరంల ఆగింది. 5 కిలోల ప్లేటొకటి దొర్లుకుంట దొర్లుకుంట తలుపు దాటి మెట్లు దిగి పోయింది. ఎర్ర బనీనోడు క్లిప్పులు పెట్టిన బుద్ధిమంతుడు, అందుకే వాని రాడ్డు వంచినా ఖాళీ కాదు, రొమ్ము మీదనే కూసున్నది. నేనొక కొస, సారొక కొస పట్టి "రైట్ రైట్" అని లేపినం. అప్పుడే టైర్ల దుకాణమాయన మెట్లెక్కి వచ్చి ప్లేటు చేతికిచ్చిండు, "సారు, ఇది మాది కాదు".

కండక్టర్ సారు గిదంతా పట్టించుకోకుండ పోయి సంచిలకెళ్లి పాత డైరీ తీసి, బస్సుల టికెట్ల లెక్క, ఎస్సార్ అంటరు, అది రాసినట్టు పద్ధతిగ రాసుకుంటుండు. తొంగి చూసిన. "22.5 – 8 సార్లు. మోకాలు నొప్పి లేదు." పై పేజీల "20 – 6 సార్లు. కొంచెం నొప్పి." ఆ రెండున్నర కోసం కిలంబావు ప్లేట్లు రెండు సొంతంగ కొనుక్కొని టిఫిన్ సంచిల మోసుకొస్తడు, జిమ్ముల అంత చిన్నవి లేవంట. నాకైతే ఆ జిమ్ము మొత్తంల అసలు పయిల్వాన్ ఆయనే అనిపిస్తది. కొత్తగ వచ్చినోనికి మొదటి వారాల్ల కండ పెరగకముందే బలం పెరుగుతది, నరాలు పని నేర్చుకుంటయి గనక, ఓపిక పడితే దానంతటదే వస్తది, కానీ పక్కోన్ని చూడకుండ ఉండాలె గద, ఎంసెట్ ర్యాంకు కాడికెళ్లి పెండ్లిల పెట్టిన కూరల దాక పోల్చుకునే పెరిగినోళ్లం.

మనోనికి సారు డైరీ మస్తు నచ్చింది. సాయంత్రమే పోయి లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గీతలు గీసిండు. మొదటి కాలమ్ల తారీఖు, రెండో దాంట్ల వీని కిలోలు.

మూడో కాలమ్ మీద "ఎర్ర బనీను" అని రాసి ఉంది.