హంతకుడు దొరికాడు సరే, గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు?

కోజీ మిస్టరీ నవలల మీద, అంటే చిన్న ఊళ్ళో పోలీసు కాని మామూలు మనిషి హంతకుణ్ణి పట్టుకునే తేలికపాటి డిటెక్టివ్ కథల మీద, ఇంతవరకు ఏ దేశంలోనూ ఒక్క ఆదాయపు పన్ను అధికారి కూడా విచారణ మొదలుపెట్టలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది. హత్యల గురించి కాదు నా బాధ. హత్యలు చాలా పద్ధతిగానే జరుగుతున్నాయి. రక్తం కనపడదు, బూతు వినపడదు, పోయినవాడు కూడా ఊళ్ళో ఎవరికీ పెద్దగా పడనివాడే అయ్యుంటాడు, మూడో అధ్యాయానికల్లా అందరూ తేరుకుంటారు. చావు కబురు చల్లగా చెప్పడాన్ని ఒక సాహిత్య ప్రక్రియగా నిలబెట్టిన ఘనత వీటిదే, కాదనను. నా గోలంతా ఆ దుకాణం గురించి.

కథ మీకు తెలిసిందే. నగరంలో ఉద్యోగమో పెళ్ళో చెడి హీరోయిన్ చిన్న ఊరికి తిరిగొస్తుంది. పెద్దమ్మో నాయనమ్మో పోతూపోతూ ఆమె పేర రాసిన కుటుంబ వ్యాపారం ఒకటుంటుంది, పాత పుస్తకాల షాపో, ఊలు దారాల షాపో, పూల కొట్టో. తాళం తీస్తుంది, పిల్లి ఎదురొస్తుంది, వెనక గదిలో శవం. మామూలు వ్యాపారస్తులైతే పోలీసులకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోపు స్టాకు సరిచూసుకుంటారు. ఈవిడ పది గంటలకి లాయరు ఆఫీసులో ఉంటుంది, పదకొండింటికి లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తుంటుంది, మధ్యాహ్నం ఎవరింటి పెరట్లోనో దూరుతుంది, రాత్రికి టార్చిలైటు పట్టుకుని శ్మశానంలో తేలుతుంది. ఇంతకీ బోణీ ఎప్పుడయింది?

ఒకవేళ ఖర్మకాలి ఎవరైనా కొనడానికి వచ్చారనుకోండి, అప్పుడు చూడాలి. నాలుగు ఊలు ఉండల కోసం వచ్చిన ముసలావిడని కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముప్పావుగంట కబుర్లాడి, చచ్చినాయనకి పాతికేళ్ళ కిందట ఎవరితో సరిహద్దు గోడ తగాదా ఉండేదో మెల్లగా రాబట్టి, చివర్లో ఆవిడ పర్సు తీయబోతుంటే "అయ్యో, ఉండనివ్వండి" అని ఆ ఊలు ఊరికే చేతిలో పెట్టి పంపిస్తుంది. నవల మొత్తానికీ జరిగిన వ్యాపారం ఇదే. అద్దె, కరెంటు బిల్లు, సరుకు ఇచ్చినవాళ్ళ బాకీలు, వీటిలో ఒక్కటీ ఏ పేజీలోనూ తలుపు తట్టదు. పోలీసులు సీలు వేసిన షాపు కూడా మర్నాటి పొద్దునకల్లా తెరుచుకుంటుంది, అదేం మాయో.

అయితే షాపు ఖాళీగా ఉండదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఒక అసిస్టెంటు అమ్మాయి ఉంటుంది. "నేను చూసుకుంటాలే, మీరు వెళ్ళిరండి" అనడమే ఆ అమ్మాయి డైలాగు. జీతం ఎంతో, ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఊళ్ళో హత్య చేయడానికి అందరికంటే గట్టి కారణం ఉన్నది ఈ అమ్మాయికే. కానీ 1928లో వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత డిటెక్టివ్ కథలకి 20 సూత్రాలు రాసిపెట్టాడు, నౌకరుని హంతకుడిగా చూపించకూడదని అందులో ఒకటి. పాపం, ఆ అవకాశం కూడా లేకుండా పోయింది.

మొదట్లో ఈ ఇబ్బంది లేదు. అగాథా క్రిస్టీ 1930లో నవలకెక్కించిన, హంతకుల్ని పట్టే ముసలావిడ మిస్ మార్పుల్‌కి దుకాణమే లేదు, అల్లిక అల్లుకుంటూ ఊరందరి మీదా ఓ కన్నేసి ఉంచేది, అడిగేవాళ్ళెవరు? 1984 నుంచి 1996 వరకు 12 సీజన్లు నడిచిన 'మర్డర్, షీ రోట్' సీరియల్లో జెస్సికా ఫ్లెచర్ రిటైరైన టీచరు, పైగా నవలలు రాసి సంపాదిస్తుంది. (కాబట్ కోవ్ అనే ఆ ఊరికి మధ్యలో కొత్త షెరీఫ్ ఒకాయన వస్తాడు, న్యూయార్క్‌లో నేరాలు చూసి చూసి విసిగి ప్రశాంతంగా బతుకుదామని. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.) మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కైతే నేర పరిశోధనే వృత్తి, వెనక అసిస్టెంట్ రాజు ఉన్నాడు. పని చేస్తే పని జరిగినట్టే. దుకాణం పెట్టుకుని, దాన్ని గాలికొదిలేసి తిరగడమన్నది మాత్రం ఈ తర్వాతి తరం హీరోయిన్ల ఘనకార్యం.

అన్నట్టు, ఈ తరహా నవలలకిచ్చే అగాథా అవార్డు కింద ఏమిస్తారో తెలుసా? టీపాట్. విషం కలిపిన టీ తాగి ఎంతమంది పోయారో లెక్కలేని సాహిత్యానికి ఇంతకంటే ధైర్యమైన బహుమతి ఉండదు.

ఇక అసలు విషయం, వీలునామా. కుటుంబ పెద్ద రాత్రి భోజనాల దగ్గర గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి "రేపు లాయర్ని పిలిచి వీలునామా మారుస్తున్నా" అని ప్రకటిస్తాడు. ఎన్ని వందల మంది పెద్దలు ఇలా పోయినా, చెప్పకుండా మార్చుకుంటే పోతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. హంతకుడు ఇంకా అమాయకుడు. 1882లో న్యూయార్క్ రాష్ట్రంలో పదహారేళ్ళ కుర్రాడొకడు, తాత వీలునామా మార్చేస్తాడేమోనని నిజంగానే విషం పెట్టి చంపాడు. రిగ్స్ వర్సెస్ పామర్ కేసులో 1889లో అక్కడి అప్పీలు కోర్టు, చంపినవాడికి ఆస్తి రాదు పొమ్మంది. లా చదివే వాళ్ళకి బాగా తెలిసిన తీర్పు ఇది, అయినా నవలల్లో మేనల్లుళ్ళు ఇప్పటికీ అదే పని చేస్తున్నారు, అదీ నాలుగు ఊలు ఉండలు కూడా డబ్బుకి అమ్ముడుపోని షాపు కోసం. హత్యకి ముందు ఒక్కసారి బ్యాలెన్స్ షీట్ చూసుంటే సగం ప్రాణాలు మిగిలేవి.

చంపినవాడికి రాదు, చచ్చినవాడికి అక్కర్లేదు. మరి ఎవరికొస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వేయరేం?

మొదటి పుస్తకంలో మేనమామ పోతాడు, ఆయన కొడుకు జైలుకెళ్తాడు. రెండో దాంట్లో చిన్నాన్న పోతాడు, పిన్ని జైలుకి. పుస్తకానికి ఇద్దరు చొప్పున వాటాదార్లు తగ్గుతుంటారు. ఐదో పుస్తకానికల్లా ఆ కుటుంబ వ్యాపారంలో కుటుంబం మిగలదు, వ్యాపారం మొదట్నుంచీ లేదు. మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల పాత బిల్డింగు మాత్రం అప్పు లేకుండా, తగాదా లేకుండా ఒక్కావిడ పేరు మీదికి వచ్చేస్తుంది. ప్రతి శవాన్నీ మొదట చూసింది ఆవిడే, ప్రతి హంతకుణ్ణీ పట్టిచ్చిందీ ఆవిడే. అయినా పాఠకుడికి అనుమానం రాదు, ఎందుకంటే డిటెక్టివ్ తానే నేరం చేయకూడదని 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకి పెట్టిన పది ఆజ్ఞల్లో రాసేశాడు. నాక్స్ స్వయానా క్రైస్తవ మతగురువు, ఆయన మాట కాదనేదెవరు!

ఈ లెక్కలు తీయాల్సిన పోలీసాయన ఉన్నాడు గానీ, నాలుగో పుస్తకంలోనే ఆవిడ వేలికి ఉంగరం తొడిగేశాడు, ప్రస్తుతం పెళ్ళి పనుల్లో ఉన్నాడు. ఆయన లైఫ్ ఇన్సూరెన్స్‌లో నామినీ ఎవరో ఎవరైనా కాస్త కనుక్కోండి.