మత్తు ఇచ్చింది ఎవరు?

ఏ జిల్లా కేంద్రంలోనైనా నర్సింగ్ హోముల వీధిలో ఒకసారి నడిచి చూడండి. ప్రతి బోర్డు మీదా సర్జన్ పేరు, పక్కనే డిగ్రీల వరుస కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆపరేషన్ సాగినంతసేపూ రోగి ఊపిరికి పూచీపడే మత్తు వైద్యుల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. కోలుకున్న రోగిని అడిగితే సర్జన్ పేరు ఇంటిపేరుతో సహా చెబుతారు. మత్తు ఎవరిచ్చారంటే 'ఎవరో డాక్టరుగారు వచ్చారు' అంటారు. ఇందులో రోగి తప్పేమీ లేదు. చెప్పవలసినవారు చెప్పడం లేదు.

ఆ 'ఎవరో' చదివిన చదువు తక్కువది కాదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్‌కు అయిదున్నరేళ్లు, ఆపైన మత్తు వైద్యంలో మూడేళ్ల ఎండీ లేదా డీఎన్‌బీ అనే పీజీ చదువు. రెండేళ్ల డీఏ డిప్లొమాతోనే చిన్న ఊళ్ల ఆపరేషన్ థియేటర్లను ఏళ్ల తరబడి నిలబెట్టినవారూ ఉన్నారు.

ఆ చదువు విలువ ఆపరేషన్‌కు ముందే తెలుస్తుంది. నోరు బాగా తెరవమంటారు. కదిలే పళ్లున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడుగుతారు. 'పొద్దున ఏమైనా తిన్నారా?' అన్నది మరీ ముఖ్యమైన ప్రశ్న. బిడ్డ నీరసపడుతుందని తల్లి రెండు ఇడ్లీలు తినిపించి ఆ మాట దాచిందనుకోండి, మత్తులో ఆ ఆహారం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినవద్దని చెప్పేది అందుకే.

ఈ విద్యకు మన గడ్డ మీద గొప్ప చరిత్ర ఉంది. అప్పట్లో మత్తుకు వాడిన క్లోరోఫారం సురక్షితమేనా అని తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ కమిషన్ల వెనుక ఉన్న హైదరాబాద్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడే మత్తు ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె ఒకరు. అంత అనుభవం గడించాక కూడా, 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. చేయి తిరిగినంత మాత్రాన చాలదని ఆమె అనుకున్నారు. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లోకి రావాలని మేము కోరుతున్నాం.

నిపుణులు దొరకని చోట అత్యవసర కాన్పుల కోసం ఎంబీబీఎస్ వైద్యులకు మత్తు ఇవ్వడంలో కొన్ని నెలల శిక్షణ ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. తల్లుల ప్రాణాలు నిలిపే మంచి ఏర్పాటు అది. అయితే ఆ శిక్షణ ప్రసూతి అవసరాలకే పరిమితం. పట్టణంలో ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లకు దాన్ని అడ్డం పెట్టుకోవడం సమ్మతం కాదు. టెక్నీషియన్ చేత మత్తు సూది వేయించడమైతే నేరమనే అంటాం.

వైద్యులు తమ రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా, రసీదు మీదా చూపాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. మత్తు వైద్యుల్లో చాలామందికి సొంత క్లినిక్ ఉండదు, పిలుపు వచ్చిన ఆస్పత్రికల్లా వెళ్తుంటారు. నియమం జారిపోతున్నది ఇక్కడే. రోగి చేత సంతకం చేయించే అంగీకార పత్రంలోనే మత్తు వైద్యుల పేరు, అర్హత, నంబరు తెలుగులో ఉండాలి. ఉభయ రాష్ట్రాల ఆరోగ్య శాఖలు దీన్ని తప్పనిసరి చేయాలి. తనిఖీకి వెళ్లే జిల్లా వైద్యాధికారులు థియేటర్ రిజిస్టర్ తెరిచి, మత్తు వైద్యుల వివరాల గడి నిండిందా, అందులోని నంబరు మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉందా అని సరిచూడాలి.