బాధితుడే దుబాసీ

అమెరికాకు కొత్తగా వలస వచ్చిన కొరియన్ కుటుంబాల్లో బడికీ ఇంటికీ మధ్య దుబాసీ చాలాసార్లు ఆ ఇంటి పిల్లవాడే. టీచరు మాట అమ్మకు చెప్పాలి, అమ్మ మాట టీచరుకు చెప్పాలి. అదే పిల్లవాణ్ణి ఆటస్థలంలో ఒకడు రోజూ ఏడిపిస్తుంటే? వేళ్లతో కంటికొనలు లాగి చూపిస్తూ, డబ్బాలో కిమ్చీ (కొరియన్ల క్యాబేజీ ఊరగాయ) వాసనకు ముక్కు మూసుకుంటూ చుట్టూ ఉన్నవాళ్లను నవ్విస్తుంటే? పొద్దుణ్ణుంచి రాత్రిదాకా దుకాణంలో నిలబడి వచ్చిన నాన్నకు ఆ సంగతి చెప్పడానికి వాడికి నోరు రాదు. బడి నుంచి ఫోనొచ్చినా ‘ఏం లేదమ్మా, హోంవర్క్ గురించి’ అని సర్దేస్తాడు. ఫిర్యాదు అక్కడితో సరి.

పెద్దల సలహాలకు మాత్రం కొదవ లేదు. పట్టించుకోకు అంటారు కొందరు, కొరియన్ల యుద్ధవిద్య తైక్వాండోలో చేర్పించండి అంటారు ఇంకొందరు. కొరియన్ అయినంత మాత్రాన ఎనిమిదేళ్లవాడు కాలు విసరడం పుట్టుకతోనే నేర్చుకొస్తాడా? ఒకవేళ తిరిగి కొట్టినా సస్పెన్షన్ కాగితం ఇద్దరికీ అందుతుంది. ప్రిన్సిపాల్ గదిలో సంజాయిషీ ఇంగ్లిషులో గడగడా చెప్పగలిగినవాడిదే పైచేయి. భారమంతా దెబ్బలు తిన్నవాడి నెత్తిన పెట్టే ఈ సలహాలను మేం ఒప్పుకోం. ఇది బడి బాధ్యత.

చట్టమూ అదే చెబుతోంది. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే బడిలో జాతి, రంగు, ఏ దేశం నుంచి వచ్చారన్నది చూసి వివక్ష చూపకూడదని 1964 నాటి పౌర హక్కుల చట్టం శాసిస్తోంది. జాతి పేరిట తీవ్ర వేధింపు సాగుతోందని తెలిసీ ఊరుకుంటే ఆ చట్టాన్ని ఉల్లంఘించినట్టేనని 2010 అక్టోబరులో అమెరికా విద్యాశాఖ బడులకు లేఖ రాసింది. ఆ లేఖకు ముందటేడు, 2009 డిసెంబరు 3న, సౌత్ ఫిలడెల్ఫియా హైస్కూల్లో ఒక్కరోజే పాతికమందికి పైగా ఆసియా విద్యార్థులు దెబ్బలు తిన్నారు. వాళ్లలో ఎక్కువమంది వియత్నాం, చైనా నుంచి వచ్చినవాళ్లు. అప్పటికి ఎంతోకాలంగా మొరపెట్టుకుంటున్నా ఆలకించిన నాథుడు లేడు. చివరికి పిల్లలే బడి బహిష్కరించి రోడ్డెక్కారు, న్యాయశాఖ రంగంలోకి దిగింది, 2010 డిసెంబరులో ఆ ఊరి బడులను నడిపే విద్యా జిల్లా ఒప్పందానికి వచ్చింది. అంతదాకా వస్తే గానీ కదలకపోవడమే సిగ్గుచేటు.

పిల్లల చేత తల్లిదండ్రులకు అనువాదం చేయించకూడదని, దుబాసీని బడే సమకూర్చాలని 2015లో ఫెడరల్ ప్రభుత్వం స్పష్టం చేసింది; ఆ మార్గదర్శకాన్ని 2025లో వెనక్కి తీసుకుంది. ఆచరణలో ఇప్పటికీ వరండాలో దొరికిన పిల్లవాడే దిక్కు. పైగా 2025లో విద్యాశాఖ పౌర హక్కుల విభాగానికున్న 12 ప్రాంతీయ కార్యాలయాల్లో ఏడింటికి తాళం వేశారు. వాటిలో ఫిలడెల్ఫియా కార్యాలయమూ ఒకటి! బడి వినకపోతే ఎక్కాల్సిన గడపలే తగ్గిపోయాయన్నమాట.

న్యూజెర్సీలో, టెక్సస్‌లో ఇవే బడుల్లో మన పిల్లలూ చదువుతున్నారు. పులిహోర డబ్బాకూ అవే వెక్కిరింపులు. మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఇంగ్లిషుకు లోటు లేదు, చిక్కల్లా ‘పోనీలే, చదువు పాడవుతుంది’ అన్న సర్దుబాటు ధోరణితోనే. నోటిమాటగా చెప్పి వచ్చేస్తారు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, చూసిందెవరు అన్నవి రాసి, తేదీ వేసి, ఈమెయిల్‌లో పంపితే తెలియదని బడి తప్పించుకోలేదు.

ఏడిపించేవాడూ పిల్లవాడే, వాణ్ణి నేరస్థుణ్ణి చేయమని మేం అనడం లేదు. వాడితో కూర్చుని మాట్లాడాలి, వాడి ఇంటివాళ్లనూ పిలవాలి. కానీ చాలా బడుల్లో మొదట జరిగేది ఏడిపించినవాణ్ణి ఉన్నచోటే ఉంచి, ఏడ్చినవాడి సీటు మార్చడం. ఆ పద్ధతి ముందు మానాలి. తల్లిదండ్రులను పిలిచిన రోజున కొరియన్ తెలిసిన పెద్దమనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి, ఆ కాసేపూ పిల్లవాణ్ణి క్లాసులో చదువుకోనివ్వాలి.