ఆ అడ్డగీతలు పొరపాట్లు కావు

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవి ఎమిలీ డికిన్సన్ గురించి ఒక మాట తెగ తిరుగుతోంది: "తెల్ల బట్టలు కట్టుకుని గదిలో తలుపేసుకుంది, చావు గురించి తప్ప రాయలేదు, విరామ చిహ్నాలు తెలియక ఎక్కడపడితే అక్కడ అడ్డగీతలు గీసింది." నాకు ఎక్కువ కష్టం కలిగించేది చివరి ముక్క, అక్కడే మొదలుపెడతాను.

1866లో స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రిక, కవి పేరు వేయకుండా, గడ్డిలో సాగిపోయే 'సన్నటి మనిషి' (అంటే పాము) మీద ఆమె రాసిన కవితను అచ్చేసింది. మూడో పాదం చివర ప్రశ్న గుర్తు పెట్టింది. దాంతో "మీకు ఎదురుపడే ఉంటాడు, పడలేదూ?" అని వాక్యం అక్కడే ఆగిపోయింది. ఆ గుర్తు తీసి చదవండి: "ఎదురుపడలేదా, చటుక్కున కనబడతాడు" అని అర్థం కింది పాదంలోకి జారుతుంది, అచ్చం పాములాగే. మూడూ నాలుగూ పాదాలు ఒకటేననీ, ఆ గుర్తు మూడో పాదాన్ని చెడగొట్టిందనీ ఆమె తన కలం స్నేహితుడు, సాహిత్యకారుడు హిగిన్సన్‌కు ఉత్తరం రాసింది. ఒక్క గుర్తుకు అంత నొచ్చుకున్న మనిషికి విరామ చిహ్నాలు తెలియవా? పత్రిక ఆ కవితకు 'పాము' అని పేరు కూడా పెట్టింది. కవిత మొత్తం వెతికినా పాము అన్న మాటే లేదు. చివరికి ఎముకల్లో 'సున్నా'గా తగిలే ఆ చలి, పేరు చెప్పకపోవడం వల్లే తగులుతుంది.

ఆమె పోయాక 1890లో వచ్చిన మొదటి పుస్తకంలో సంపాదకులు గీతలు చాలావరకు తీసేశారు, ప్రాసలు సరిదిద్దారు, పేర్లు పెట్టారు. 1955లో థామస్ జాన్సన్ సంపాదకుడిగా తెచ్చిన ప్రతితో ఆ గీతలు తిరిగొచ్చాయి. రాతప్రతుల్లో ఆమె కొన్ని మాటల పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టి, వాటికి బదులు మాటలు పేజీ అడుగున రాసుకుంది. అలా కవితలు ఎత్తి రాసుకున్న కాగితాలను దారంతో కుట్టిన చిన్న పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి.

ఇక చావు. రాసింది, నిజమే. అయితే తేనెటీగలు, పూలు, పక్షులు ఆమె కవితల నిండా ఉన్నాయి. చిన్నతనంలోనే 400కు పైగా మొక్కలు ఎండబెట్టి పుస్తకంలో అతికించిన మనిషి. ఆ చావు కవితల్లోనూ ఏడుపు తక్కువ: ఒకదాంట్లో మృత్యువు మర్యాదగా బండి ఆపి ఎక్కించుకుంటాడు, మరోదాంట్లో ఆఖరి ఘడియలో అందరూ 'రాజు' కోసం ఎదురుచూస్తుంటే ఒక ఈగ వస్తుంది.

గది సంగతికొస్తే, తర్వాతి ఏళ్లలో ఇల్లు దాటడం తగ్గించిన మాట వాస్తవం. అయినా ఆమె ఉత్తరాలు వెయ్యికి పైగా మిగిలాయి. 1862లో, అప్పటిదాకా చూడని హిగిన్సన్‌కు తనే ముందుగా నాలుగు కవితలు పంపి, వీటికి ప్రాణముందా అని అడిగింది.