వాయించే చేత్తోనే సమీక్ష రాయాలి

1958 నవంబరులో అమెరికాలో ‘ది జాజ్ రివ్యూ’ పత్రిక తొలి సంచిక వచ్చింది. అందులో సోనీ రోలిన్స్ శాక్సఫోన్ మీద గుంథర్ షుల్లర్ రాసిన వ్యాసాన్ని ఇవాళ్టికీ చదువుతున్నారు, ఇవాళ్టికీ దానితో గొడవ పడుతున్నారు. షుల్లర్ పత్రికలకు రాసి బతికే విమర్శకుడు కాదు. మెట్రోపాలిటన్ ఒపేరా ఆర్కెస్ట్రాలో ఫ్రెంచ్ హార్న్ వాద్యకారుడు, స్వరకర్త. 1950 మార్చిలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తొమ్మిది మంది బృందం రికార్డింగుకి వెళ్లినప్పుడు అందులో హార్న్ ఊదింది ఆయనే. ఆ వ్యాసం ఇన్నేళ్లు బతికిందంటే అది వాయించే మనిషి రాసినది కావడం వల్లేనని నా వాదన. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. జాజ్ ఆల్బమ్ సమీక్ష రాయాల్సింది వాయించేవాళ్లే.

ఆ వ్యాసం దేని గురించో చూడండి. 1956 జూన్ 22న న్యూజెర్సీలోని హాకెన్‌శాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో పెట్టుకున్న స్టూడియోలో రోలిన్స్ ‘బ్లూ సెవెన్’ అనే బ్లూస్ రికార్డు చేశాడు. పియానో టామీ ఫ్లానగన్, బేస్ డగ్ వాట్కిన్స్, డ్రమ్స్ మాక్స్ రోచ్. పదకొండు నిమిషాలకు పైనే సాగుతుంది. మొదట బేస్ ఒంటరిగా నడుస్తూ వస్తుంది, ఆ తర్వాత శాక్సఫోన్ పొడిపొడిగా నాలుగు ముక్కలు పలుకుతుంది. మామూలు సమీక్షకుడైతే ఇక్కడ ‘గంభీరంగా’, ‘నిగూఢంగా’ అని రాసి ముందుకు పోతాడు. షుల్లర్ ఆ ముక్కల్లో ఏ స్వరాలున్నాయో చూశాడు.

మన లెక్కలో చెబితే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పాట బీ-ఫ్లాట్ శ్రుతిలో ఉంది. ఆ షడ్జమానికి డి అంతర గాంధారం, ఏ-ఫ్లాట్ కైశికి నిషాదం. ఇప్పుడు షడ్జమాన్ని ప్రతిమధ్యమం ఉన్న చోటికి, అంటే ఈ అనే స్వరానికి జరపండి. అదే డి కైశికి నిషాదమైపోతుంది, అదే ఏ-ఫ్లాట్ అంతర గాంధారమైపోతుంది. రెండు స్వరాలూ కుర్చీలు మార్చుకుంటాయి, చెవికి మాత్రం అవే వినిపిస్తాయి. గ్రహభేదం, అంటే షడ్జమాన్ని వేరే స్వరం మీదికి జరపడం, తెలిసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. ఆ తొలి పలుకుల్లో ఒక తేల్చని గుణం ఎందుకుందో, పాట ఏ శ్రుతిలో ఉందో తేలకుండా ఎందుకు ఊగిసలాడుతుందో ఈ రెండు స్వరాలే చెప్పేస్తాయి. ఇంత మాట పట్టుకోవడానికి వాద్యం చేతిలో ఉండాలి. లేదా కనీసం ఒకప్పుడు ఉండి ఉండాలి.

అక్కడితో ఆగి ఉంటే షుల్లర్ వ్యాసం మంచి వ్యాసంగా మిగిలేది. ఆయన ఇంకా ముందుకు వెళ్లి, రోలిన్స్ సోలో అంతా ఆ తొలి పలుకుల నుంచే మొలిచిందని, ఇది మనోధర్మంలో కొత్త పద్ధతని, స్వరలిపి వేసి మరీ వాదించాడు. 56 ఏళ్ల తర్వాత, 2014లో, బెంజమిన్ గివన్ అనే సంగీత పరిశోధకుడు అదే పాటను మళ్లీ ముందేసుకున్నాడు. షుల్లర్ ప్రత్యేకమని చూపించిన స్వరగుచ్ఛాలు రోలిన్స్ వేరే రికార్డుల్లోనూ వాడినవేనని, అవి ఆయన చేతి వాటమని చూపించాడు. షుల్లర్ సిద్ధాంతానికి పెద్ద బీట పడింది.

దీన్ని చూపించి ‘చూశారా, వాద్యకారుడి సమీక్ష తప్పింది’ అనేవాళ్లున్నారు. నాకు సరిగ్గా ఇక్కడే ఉత్సాహం పుడుతుంది. షుల్లర్ తప్పని గివన్ ఎలా చూపించగలిగాడు? షుల్లర్ ఏ స్వరమో, ఏ చోటో రాసిపెట్టాడు కనుక. ‘రోలిన్స్ శాక్సఫోన్ ఆత్మను తాకుతుంది’ అని రాసి ఉంటే 56 ఏళ్లు కాదు, ఆరు వందల ఏళ్లయినా అది తప్పని ఎవరూ చూపించలేరు, ఒప్పనీ చూపించలేరు. సమీక్షలో నాకు కావలసింది ఇదే. తప్పు పట్టడానికి చోటుండాలి. చదివినవాడు రికార్డు పెట్టుకుని, వేళ్ల మీద లెక్క వేసుకుని, ‘కాదు, ఇక్కడ మీరన్నట్టు లేదు’ అనగలగాలి. అంత చోటివ్వగలిగేది తన మాటను వాద్యం మీద పరీక్షించుకోగలిగినవాడే.

అదే పత్రికలో మరుసటి ఏడాది, 1959 అక్టోబరు, నవంబరు సంచికల్లో, జీటా కార్నో అనే పియానిస్టు శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ శైలిని విడమర్చి రాసింది. ‘బ్లూ ట్రేన్’ సోలోను స్వరాల్లో రాసి అచ్చు వేయించింది. కోల్ట్రేన్ వాయించేది వట్టి స్వరాల గందరగోళమని చాలామంది అంటున్న రోజులవి. గందరగోళం కాదని చెప్పడానికి ఆమెకు విశేషణం అక్కర్లేకపోయింది. స్వరాలు కాగితం మీద ఉన్నాయి, చూసుకోవచ్చు. బేస్ వాయించే బిల్ క్రో, పియానో వాయించే డిక్ కాట్జ్ కూడా ఆ పత్రికకు సమీక్షలు రాశారు. పత్రిక 1961 దాకానే నడిచింది.

చేతగాక తప్పటానికీ, కావాలని తగ్గటానికీ తేడా ఎక్కడుందో వాయించేవాడికే తెలుస్తుంది. ‘బ్లూ సెవెన్’లో పియానో వాయించిన ఆ ఫ్లానగనే 1959 మేలో కోల్ట్రేన్ ‘జెయింట్ స్టెప్స్’లోనూ వాయించాడు. ఆ పాట 16 బార్ల (బార్ అంటే నాలుగు బీట్ల కొలత) చట్రం, అందులో 26 కార్డులు (కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి), నిమిషానికి ఇంచుమించు 290 బీట్ల వేగం. చాలాచోట్ల కార్డు రెండు బీట్లే నిలుస్తుంది, అంటే అర సెకను కన్నా తక్కువ. పైగా శ్రుతి మూడు చోట్ల మధ్య గెంతుతూ ఉంటుంది. మొదటిది షడ్జమం అనుకుంటే మిగతావి అంతర గాంధారం, శుద్ధ ధైవతం. ఫ్లానగన్ తన వంతు వచ్చినప్పుడు పరుగులతో మొదలుపెట్టి, కాసేపటికి ఆ పరుగులు వదిలి ఉత్త కార్డులు నొక్కుతూ గట్టెక్కాడు. వాయించని సమీక్షకుడు ‘పియానో తేలిపోయింది’ అంటాడు. వాయించినవాడు మెట్రోనోమ్ 290 దగ్గర పెట్టి, ఆ కార్డులు ఎడమ చేత్తో పట్టి చూస్తాడు. పట్టి చూశాక అతడు రాసే వాక్యం వేరుగా ఉంటుంది. 1982లో ఫ్లానగన్ అదే పాటను తన సొంత ఆల్బమ్‌లో మళ్లీ రికార్డు చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే అసలు సమీక్ష అక్కడ దొరుకుతుంది.

మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతి దీనికన్నా గట్టి రుజువు. 1959 మార్చి 2 నాటి సెషన్‌లో ప్రధాన టేపు మిషను కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పైకి లేస్తుంది. అందువల్ల ఎల్పీ మొదటి వైపున్న మూడు పాటలూ అసలు కన్నా హెచ్చు శ్రుతిలో వినిపించాయి. హెచ్చు అంటే ఎంత? పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగం కూడా లేదు. ఉత్తగా వింటే ఏమీ తెలియదు. పియానో ముందు కూర్చుని రికార్డుతో పాటు అందులోని మొదటి పాట ‘సో వాట్’ వాయించబోతే మాత్రం మొదటి బార్‌లోనే పట్టుబడుతుంది. మెట్టు మీద పడాల్సిన స్వరం రెండు మెట్ల సందులో పడుతుంది. రెండో టేపు మిషను మీద సరైన వేగంతో ఎక్కిన ప్రతి నుంచి దీన్ని సరిదిద్దిన సీడీ 1992లో గానీ రాలేదు. ముప్పై మూడేళ్లు. వాద్యం ఒళ్లో పెట్టుకుని వినే అలవాటు సమీక్షకులకు ఉండి ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

ఇంతకీ ఒక ఆల్బమ్‌ను ఎలా వినాలి? మొదటిసారి వాద్యం ముట్టుకోకుండా వినాలి. రెండోసారి కాగితం మీద గీతలు గీసుకుంటూ వినాలి. బ్లూస్ అయితే 12 బార్లకు ఒక గీత, ‘సో వాట్’ లాంటిదైతే 32 బార్లకు ఒకటి. సోలో ఎన్ని ఆవర్తాలు సాగింది, వాద్యకారుడు ఆవర్తం మొదట్లోనే ఎత్తుకున్నాడా, దాటి ఎత్తుకున్నాడా అన్నది గీతల్లో తేలిపోతుంది. మూడోసారే వాద్యం. పాతకాలం వాళ్లు 33 వేగం ఎల్పీని 16 మీద తిప్పేవారు. శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది, స్వరాలు అవే ఉంటాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి దిగకుండా వేగం తగ్గించుకోవచ్చు కానీ, సగం కన్నా బాగా తగ్గిస్తే స్వరం మొదలు అలుక్కుపోయి డ్రమ్స్ దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు. టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు ఈ అని వేలు పెట్టేది పియానో మీద డి అవుతుంది. ఆల్టో అయితే అదే డి కోసం బి పట్టాలి. సమీక్షలో స్వరం పేరు రాసేటప్పుడు ఏ లెక్కలో రాస్తున్నారో చెప్పకపోతే చదివినవాడు తప్పుడు స్వరాలు వాయించుకుంటాడు. నిశితంగా రాసే వాద్యకారులు కూడా ఎక్కువగా జారేది ఇక్కడే.

ఎదుటి వాదన లేకపోలేదు. వాద్యకారులకు స్నేహాలుంటాయి, పగలుంటాయి, తమ కాలం దాటిన సంగీతం మీద చిరాకు ఉంటుంది. 1964లో డౌన్‌బీట్ పత్రిక పేరు చెప్పకుండా రికార్డులు వినిపిస్తే మైల్స్ డేవిస్ తోటి జాజ్ వాద్యకారులు ఎరిక్ డాల్ఫీనీ, సెసిల్ టేలర్‌నీ ఏకిపారేశాడు. డాల్ఫీ అదే ఏడాది జూన్ 29న బెర్లిన్‌లో చనిపోయాడు. ఆ మాటలు చదివితే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. రోలిన్స్ అయితే షుల్లర్ వ్యాసం చదివాక తన వాద్యం గురించి తనకే అతిగా స్పృహ పెరిగిందని చెప్పాడు. ఇవన్నీ నిజమే. అయితే మైల్స్ అక్కడ కూర్చుని సమీక్ష రాయలేదు, వినగానే నోటికొచ్చింది అన్నాడు. కాగితం మీద స్వరం పేరు రాయాల్సి వచ్చినవాడు మళ్లీ విని తీరాలి. స్నేహాల సంగతికి విరుగుడు కష్టం కాదు. ఎవరితో కలిసి వాయించారో మొదటి పేరాలోనే చెప్పేయడం.

ఇక మన ఇంటి సంగతి. తెలుగులో సంగీతం గురించి రోజూ పేజీలకు పేజీలు వస్తున్నాయి. ‘బాణీలు ఆకట్టుకున్నాయి’, ‘శ్రోతలను ఓలలాడించారు’, ‘నేపథ్య సంగీతం ప్లస్ పాయింట్’. ఏ సినిమాకైనా, ఏ కచేరీకైనా ఇవే మాటలు సరిపోతున్నాయంటే ఆ మాటల్లో ఆ సినిమా గానీ, ఆ కచేరీ గానీ లేనట్టే కదా. మనకు ఆ సంప్రదాయం లేదా అంటే ఉంది. అన్నమయ్య పదాలకు స్వరాలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గొప్ప విమర్శకుడు. వాగ్గేయకారుల చరిత్ర రాసిన బాలాంత్రపు రజనీకాంతరావు స్వయంగా స్వరకర్త. వైద్యం చేస్తూనే శ్రీపాద పినాకపాణి గమకాలతో సహా కృతులకు స్వరలిపి రాసి సంపుటాలుగా ఇచ్చారు. ఆ చేతుల తర్వాత కలం ఎందుకు వాద్యకారుల చేతి నుంచి జారిపోయింది? సభల వాళ్లు ఏమనుకుంటారో, తోటి విద్వాంసులు ఏమనుకుంటారో అన్న జంకు తప్ప నాకు వేరే కారణం కనిపించదు.

ఒక తబలా కళాకారుడు సినిమా పాట సమీక్ష రాస్తే ఏం తెలుస్తుందో ఊహించండి. పల్లవి కింద ఒక ఆవర్తం, చరణం కింద ఒక ఆవర్తం పక్కపక్కన పెట్టి వింటాడు. ఎడమ చేతి దెబ్బ రెండు చోట్లా అదే బరువుతో, అదే ఊపుతో పడితే అది మనిషి వాయించింది కాదు, లూప్. గాత్ర విద్వాంసురాలు రాస్తే శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడ గట్టిగా నొక్కారో చెబుతుంది. గాంధారం మధ్యమం దాకా జారి రావాల్సిన చోట జారుడు పోయి మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. ఇవి చెప్పడానికి మార్కులూ, రేటింగులూ అక్కర్లేదు.

జాజ్ వైపు నుంచి మనకు దగ్గరి చుట్టం ఒకరున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. దాని గురించి తెలుగులో వచ్చిన రాతల్లో ‘ఫ్యూజన్’, ‘తెలుగువారి కీర్తి పతాక’ అన్న మాటలకు కొదవ లేదు. పాశ్చాత్య మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. జత తీగను గమకం కోసం పక్కకు లాగితే రెండూ సమానంగా బిగుసుకోవు, శ్రుతి చీలిపోతుంది. శ్రీనివాస్ వాయించినది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన ఆయన ఆలాపన నిలబడటానికి ఆ ఒంటి తీగకు ఎంత పాత్ర ఉందో, ఏ స్వరాన్ని లాగేవారో, దేన్ని జారేవారో రాసిన తెలుగు సమీక్ష నాకు కనిపించలేదు. ఆయన 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన పక్కన కూర్చుని వయొలిన్, మృదంగం వాయించినవాళ్లు ఇంకా కచేరీలు చేస్తున్నారు. ఆయన చెయ్యి తీగ మీద ఎటు కదిలేదో వాళ్లు దగ్గర నుంచి చూశారు. సంపాదకులు వాళ్లను వెయ్యి మాటలు అడగాలి, ఒక్క ఆల్బమ్ మీద, స్వరాల పేర్లతో సహా.