ఉద్దానంలో నడుం నొప్పికి బిళ్లలిచ్చి పంపేస్తే సరిపోదు

పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లని కదిపి చూడండి, నడుం నొప్పి లేదనేవాళ్లు తక్కువే. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా వంగి పొట్టు తీయడమే పని. నొప్పి ఎక్కువైతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, లేదంటే మెడికల్ షాపులో చీటీ లేకుండా నాలుగు బిళ్లలు. కానీ ఇది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు, అయితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయని, ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగ్గా తాగని ఒంటికి అది మరీ ప్రమాదమని మాత్రం డాక్టర్లందరికీ తెలుసు. అలాంటి చోట 3 నెలలు దాటిన నొప్పికి మనసు వైపు నుంచి, అలవాట్ల వైపు నుంచి చేసే వైద్యం ఊరి దాకా రావాల్సిందే అంటాను.

ఈ మాట అనగానే జనానికి కోపం వస్తుంది. "నడుం నాది పోతంటే మనసుకేటి రోగం బాబూ?" అంటారు. ఆ కోపం న్యాయమైందే, ఎందుకంటే స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే "నీకేం లేదమ్మా, టెన్షన్ అంతే" అని పంపేసిన డాక్టర్లు మనకి తక్కువేం లేరు. నొప్పి నిజం. కాకపోతే 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిందేంటంటే, వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుంది, మెదడు నుంచి దిగే సంకేతాలు కూడా దాన్ని తెరుస్తాయి, మూస్తాయి. ఆ లెక్కలో కొన్ని వివరాలు తర్వాత మారాయి గానీ భయం, నిద్రలేమి, దిగులు నొప్పిని పెంచుతాయన్న సంగతి నిలబడింది.

భయం దగ్గర కాస్త ఆగాలి. విశాఖ వెళ్లి ఎమ్మారై తీయించుకుంటారు, రిపోర్టులో డిస్క్ అరిగిందని ఉంటుంది, ఇక ఆ రోజు నుంచి వంగితే నడుం విరిగిపోతుందేమో అని మంచం దిగరు, కండలు బలం తప్పుతాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది. అసలు ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లకి స్కాన్ తీసినా దాదాపు 80 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపిస్తుందని 2015లో ఒక పెద్ద సమీక్షలో తేలింది. ఈ ఒక్క ముక్క రిపోర్టు చేతికిచ్చేటప్పుడే చెప్తే ఎంత భయం తగ్గుతుంది!

ఈ వైద్యంలో ఇంకోటి ఉంది, పేసింగ్ అంటారు. నొప్పి కాస్త తగ్గిన రోజున పేరుకుపోయిన బట్టలన్నీ ఉతికేసి, ఇల్లంతా సర్దేసి తర్వాత రెండ్రోజులు లేవలేకపోవడం మన ఇళ్లల్లో మామూలే కదా, దానికి మందు ఇది. 40 నిమిషాలు కూర్చుంటే నొప్పి మొదలవుతుందనుకోండి, నొప్పి ఉన్నా లేకపోయినా 30 నిమిషాలకే లేచి నాలుగు అడుగులు వేయాలి, తర్వాత మెల్లగా ఆ టైం పెంచుకుంటూ పోవాలి. నొప్పి చెప్పినట్టు కాకుండా గడియారం చెప్పినట్టు నడవడం అన్నమాట.

చెప్పడం తేలికే, కానీ కిలోల లెక్కన కూలి వచ్చే మనిషి అరగంటకోసారి ఎలా లేస్తుంది? లేచిన ప్రతిసారీ డబ్బు పోతుంది. అక్కడ ఆవిడ మనసుని మార్చమని కౌన్సెలింగ్ ఇస్తే అది అన్యాయం, ముందు బట్టీ యజమానితో మాట్లాడాలి, విరామానికి కూలి కోత లేకుండా చూడాలి, కూర్చునే పీట ఎత్తు మార్చాలి. పుస్తకాల్లో ఉన్న పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే పనిచేయదని నేననేది ఇందుకే.

వీటితో నొప్పి మొత్తం పోతుందని ఆశ పెట్టకూడదు. ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి మీద, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష కూడా లాభం ఉంది గానీ చిన్నదే అంది. కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం వస్తున్నా, బరువు పడిపోతున్నా వెంటనే పెద్ద డాక్టర్ దగ్గరికే పోవాలి. అయినా బ్రిటన్‌లో 2021 నుంచి ఫలానా కారణమని తేలని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి కొత్తగా మొదలుపెట్టొద్దని, వ్యాయామం, ఇలాంటి కౌన్సెలింగ్ చూడమని డాక్టర్లకి చెప్తున్నారు, కిడ్నీల భయం మనకే ఎక్కువైనా మనం మాత్రం బిళ్లల దగ్గరే ఆగిపోయాం.

పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, మంచిదే, కానీ అక్కడికి చేరేది జబ్బు ముదిరాకే. పీహెచ్‌సీకి వారానికి ఒక్కరోజు ఫిజియోథెరపిస్టుని పంపి, విలేజ్ క్లినిక్‌లో ఉండే నర్సులకి పేసింగ్, నిద్ర, భయం గురించి మన యాసలోనే మాట్లాడడం నేర్పిస్తే పెద్ద ఖర్చేం కాదు. దిగులు, నిద్రలేమి ఎక్కువగా ఉన్నవాళ్లకి మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబర్ నొప్పి బిళ్లలమ్మే ప్రతి మెడికల్ షాపు గోడ మీదా రాయించాలి.